రెండో గుండీ

గుండీ కుట్టడానికి రెండు పద్ధతులున్నాయి. నాలుగు రంధ్రాల గుండీకి దారాన్ని పక్కపక్కనే రెండు గీతలుగా వేయడం ఒకటి, మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా వేయడం ఇంకొకటి. రెండూ గట్టివే. తేడా ఏమిటని అడిగితే నూటికి తొంభై తొమ్మిది మంది తమ చొక్కా వైపు చూసుకుని తల గోక్కుంటారు. అంత చిన్న తేడా ఒక మనిషి ఏడాది పాటు కూడబెట్టుకున్న మూడు గంటల్ని మింగేసిందంటే ఎవరూ నమ్మరు.

గురువారం మధ్యాహ్నం ఆ యూనిఫాం షాపు వెనక గదికి స్కేలు సారు వచ్చాడు. కోట్లు కుట్టించుకుంటున్న పెద్ద కంపెనీ తరఫున సరుకు తనిఖీ చేసే మనిషి ఆయన. జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉంటుంది కాబట్టి షాపువాళ్ళు పెట్టిన పేరు అది. తొంభై ఆరు కోట్లు, ముదురు నీలం రంగువి, ఒక్కోదానికి నాలుగేసి గుండీలతో వరసగా వేలాడుతున్నాయి. సారు మొదటి కోటు పొడవు కొలిచాడు, చేతులు కొలిచాడు, కాలరు వేళ్ళతో నొక్కి చూశాడు. గుండీల దగ్గరకొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. రెండో కోటు తీశాడు. మూడోది తీశాడు. ఆ తర్వాత కొలవడం మానేసి, ఒక్కో కోటుకూ ఒక్క గుండీ మాత్రమే చూసుకుంటూ వరస చివరిదాకా నడిచాడు. తిరిగొచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది.

"ఎవరు కుట్టారివి?"

మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. కిటికీ కింద ఎత్తు స్టూలు మీద కూర్చున్న ఆవిడ లేచి నిలబడింది. పన్నెండేళ్ళుగా ఆ గదిలో ఆవిడ పని గుండీలు కుట్టడమే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆవిడ గుండీలమ్మ.

"మొదటిది గీతలు. మూడోది గీతలు. నాలుగోది గీతలు. రెండోది మాత్రం ఇంటూ. తొంభై ఆరింటికీ ఇదే వరస. ఏమిటమ్మా ఇది?"

గుండీలమ్మ దగ్గరకొచ్చి చూసింది. నిజమే. ఇంట్లో ఎవరి చొక్కాకు గుండీ కుట్టినా ఆవిడ రెండోది ఇంటూ వేస్తుంది. దానికో కారణముంది. అయితే అది ఇంటి సంగతి, ఏనాడూ షాపు గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఈ పదిహేను రోజులూ పొద్దున లేవగానే ఇంట్లో అందరి ప్రయాణం బట్టలు, ఆ తర్వాత షాపులో ఈ కోట్లు. ఇల్లేదో షాపేదో తలకు తెలుస్తుంది గానీ వేళ్ళకెవరు చెబుతారు?

"పొరపాటైంది సార్," అంది.

"ఒకటో రెండో అయితే పొరపాటు. తొంభై ఆరంటే పొరపాటంటారా? ఇలా నేను తీసుకోను."

కటింగ్ మాస్టర్ ఇస్త్రీపెట్టె వైపు తిరిగి దాని వైరు చూస్తున్నాడు, ఇప్పుడే కొత్తగా కనపడ్డట్టు. ప్రతి కోటు జేబులోనూ ఆయన సంతకంతో ఒక చీటీ ఉంది. 'చూశాను, సరిగ్గా ఉంది' అని దానర్థం. ఆ తొంభై ఆరు చీటీల మాట యజమాని ఎత్తలేదు, మాస్టరూ ఎత్తలేదు.

"శనివారం సాయంత్రానికి సరిచేసి పెడతాం సార్," అన్నాడు యజమాని. సారు వెళ్ళిపోగానే ఇటు తిరిగాడు. "విన్నావుగా?"

"శనివారం నుంచి నాకు సెలవండీ. మీరే ఇచ్చారు."

"ఇచ్చాను. కోట్లు అప్పజెప్పాక వెళ్ళమన్నాను. అనలేదా?"

పక్క బల్ల మీద కాజాలు కుట్టే అక్క నోరు ఆపుకోలేకపోయింది. "నేనూ ఒక చెయ్యి వేస్తానండీ. ఇద్దరం కూర్చుంటే రేపటికి అయిపోతుంది."

"అక్కర్లేదు. చెయ్యి మారితే బిగువు మారుతుంది. ఆయన మళ్ళీ స్కేలు తీస్తాడు. కుట్టిన చెయ్యే విప్పాలి."

*

'ఏడో లంగరు' అనే సీరియల్ ఆగిపోయి పదహారేళ్ళయింది. ఒక పాత ఓడ, అందులో ఏడుగురు మనుషులు, తీరంలో ఒక లైట్‌హౌస్. అంతే కథ. ఓడ మునిగి అందరూ తీరం చేరిన రోజున కెప్టెన్ కోటుకు రెండో గుండీ తెగిపోతుంది. ఒంటి చెయ్యి మిగిలిన వంటవాడు పళ్ళతో దారం పట్టుకుని దాన్ని తిరిగి కుడతాడు. గీతలు సరిగ్గా కుదరక ఇంటూ పడుతుంది. మర్నాటికి మిగతా వాళ్ళంతా తమ రెండో గుండీ విప్పి అలాగే కుట్టుకుని వస్తారు. దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. ఆ సీరియల్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఇప్పటికీ రెండో గుండీ అలాగే కుట్టుకుంటారని, ఎదురుపడితే ముందు గుండీ చూసి తర్వాత మొహం చూస్తారని గుండీలమ్మ విన్నది. ఆవిడకు మాత్రం ఇంతవరకు అలాంటి మనిషి ఒక్కరూ ఎదురుపడలేదు. భర్త చొక్కాలకూ, అత్తగారి స్వెట్టరుకూ, కూతురి జాకెట్‌కూ తనే కుట్టి, తన ఓడ సిబ్బందిని తనే తయారు చేసుకుంది. ఇంటికి తాళం వేసేటప్పుడు "లంగరు ఎత్తండి" అనేది. భర్త సిటీ బస్సు నడుపుతాడు. "ఎత్తాం కెప్టెన్" అంటూ సంచీలు అందుకునేవాడు. కూతురు చిట్టి చిన్నప్పుడు ఆ మాట తను ముందు అనాలని పోటీ పడేది. పదిహేను నిండాక ఆ మాట వినపడితే చాలు, వీధిలో ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూస్తోంది.

ఆడపడుచు ఇల్లు మారుతోంది. సామాన్లు సర్దడానికి నలుగురూ వెళ్ళాలి. నాలుగు రోజుల సెలవు, నాలుగు రోజులూ అట్టపెట్టెలు మోయడమే. ఆ ప్రయాణంలో గుండీలమ్మకంటూ ఉన్నవి మూడే మూడు గంటలు. శనివారం మధ్యాహ్నం రేవు ఊళ్ళో రైలు మారాలి, తర్వాతి బండికి మూడు గంటలు ఆగాలి. స్టేషన్ నుంచి నడిస్తే పావుగంటలో ఆ లైట్‌హౌస్. సీరియల్ తీసింది అక్కడే. నలభై ఒకటో మెట్టు దగ్గర గోడలో చిన్న కిటికీ ఉంటుంది. ఎక్కినవాళ్ళు ఆ కిటికీ గూట్లో ఒక గుండీ వదిలి వస్తారట. ఆవిడ కూడా ఒకటి దాచుకుంది. చిట్టి మొదటిసారి బడికి తొడుక్కున్న చొక్కాది, నాలుగు రంధ్రాల తెల్ల గుండీ. సూదుల డబ్బాలో దూది మీద పెట్టి ఉంచింది. ఆ మెట్టు మీద ఒక్క నిమిషం నిలబడితే చాలనుకుంది. అంతకంటే ఎక్కువ అడగడం ఆవిడకు చేతకాదు.

"నేను రాలేను," అంది గురువారం సాయంత్రం, చెప్పులు విప్పుతూనే. జరిగింది చెప్పింది.

భర్త తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆగాడు. "టికెట్లు తీసుకుని రెండు నెలలైంది. ఆదివారం లారీ వస్తుందని చెల్లెలు చెప్పింది. మనం వెళ్ళకపోతే దానికెవరున్నారు?"

"మిమ్మల్ని మానమనట్లేదండీ. మీరు వెళ్ళండి."

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో," అంది అత్తగారు మంచం మీద నుంచి. "ఇంట్లో మా చొక్కాలకూ స్వెట్టర్లకూ కుట్టావు, పోనీలే అనుకున్నాం. ఊళ్ళోవాళ్ళ కోట్లకు కూడానా తల్లీ?"

ఆవిడ మాటలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. అయినా గుచ్చుకుంది. చిట్టి పుస్తకంలోంచి తలెత్తలేదు. కుర్చీకి తగిలించిన దాని జాకెట్ మీద రెండో గుండీ గీతలుగా ఉంది. వారం కిందట తల్లి కుట్టిన ఇంటూ విప్పేసి, చేతకాని చేత్తో, దారం వదులొదులుగా తనే మళ్ళీ కుట్టుకుంది. గుండీలమ్మ అది ఆ రోజే చూసింది. చూసి, చూడనట్టు మడతపెట్టింది.

"స్టేషన్లో ఎలాగూ మూడు గంటలుంటారు కదా," అంది భర్తతో, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

"నువ్వు లేకుండా మాకెందుకు ఆ మెట్లు?" అన్నాడాయన. అది ప్రేమో విసుగో తేల్చుకోలేక ఆవిడ వంటగదిలోకి వెళ్ళిపోయింది.

*

కోటు గుండీ విప్పడం చొక్కా గుండీ విప్పినట్టు కాదు. బట్ట దళసరి కాబట్టి లోపలివైపు ఇంకో చిన్న గుండీ ఆధారంగా ఉంటుంది. ముందు లైనింగు అంచు నాలుగు వేళ్ళ వెడల్పున విప్పాలి. చిన్న కత్తెర మొనతో దారాన్ని ఒక్కో పోగే తెంపాలి, బట్ట పోగు తెగకూడదు. తెగిన ముక్కలు ఏరి పారేయాలి. మైనం పట్టించిన కొత్త దారంతో ఆరు సార్లు గీతలుగా వేయాలి. గుండీకీ బట్టకూ మధ్య దారాన్ని నాలుగు చుట్లు చుట్టి మెడలా నిలబెట్టాలి. ముడి లోపలికి లాగి, లైనింగు మూసి, తడిబట్ట వేసి ఇస్త్రీ చేయాలి. ఒక్కోదానికి పది నిమిషాలు. మధ్యలో తల ఎత్తితే పన్నెండు.

శుక్రవారం పొద్దున్నుంచి గుండీలమ్మ తల ఎత్తలేదు. ఆరున్నరకి షాపు మూసేస్తారు, ఆ లోపు తొంభై ఆరూ అయితే రేపటి రైలు దొరుకుతుందని లెక్క వేసుకుంది. లెక్క తప్పని వేసుకునేటప్పుడే తెలుసు. మధ్యాహ్నానికి ఇరవై ఎనిమిది అయ్యాయి. ఒళ్ళో తెగిన దారపు ముక్కలు పోగుపడ్డాయి. ఒక్కో ఇంటూ విడిపోతున్నప్పుడు చిన్న చప్పుడవుతోంది. పన్నెండేళ్ళలో ఎన్ని వేల గుండీలు కుట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు, ఇప్పుడు విప్పేవి మాత్రం గంటకోసారి లెక్కపెడుతున్నారు.

"ఎన్నయ్యాయి?" అన్నాడు మాస్టర్ నాలుగోసారి.

"ముప్పై ఒకటి."

"కాస్త చెయ్యి ఆడించాలి మరి."

కాజాల అక్క పళ్ళు కొరికింది. "ఆ చీటీల మీద సంతకాలు ఎవరివి మాస్టారూ? కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చి పెట్టారా?"

"నీ కాజాలు నువ్వు చూసుకో," అని మాస్టర్ కత్తెర తీసుకుని అవతల బల్లకు పోయాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ తర్వాత గంటసేపు బట్టను కసాబిసా కోశాడు.

ఆరున్నరకి యాభై ఏడు. యజమాని లైట్లు తీసేశాడు. ఇంటికి తీసుకెళ్తానంటే, కోటు గుమ్మం దాటకూడదన్నాడు. మెట్లు దిగుతుంటే ఆవిడకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. ఇంత చిన్న సంగతికి ఏడిస్తే జనం నవ్వుతారన్న భయం ఒకటి అడ్డం పడింది. తనది చిన్న కోరిక కాబట్టే ఎవరైనా తేలిగ్గా పక్కకు తోసేస్తున్నారని మాత్రం ఆ మెట్ల మీదే అర్థమైంది.

*

శనివారం పొద్దున వీధి చివరిదాకా వెళ్ళి వాళ్ళను సాగనంపింది. ముగ్గురూ ఆవిడ కుట్టిన బట్టల్లోనే ఉన్నారు. "లంగరు ఎత్తండి" అనబోయి మానేసింది. షాపుకు బయల్దేరుతూ సూదుల డబ్బా తెరిస్తే దూది మీద గుండీ లేదు. డబ్బా బోర్లించింది, సంచీ దులిపింది. జాకెట్ సంగతి గుర్తొచ్చింది. ఆ గుండీని కూడా చిట్టి తీసి ఎక్కడో పారేసిందనుకుంది. వెతకడం మానేసి తాళం వేసింది.

డెబ్బై ఐదో కోటు దగ్గర ఫోన్ మోగింది. ఒంటిగంట అయింది.

"అమ్మా," అంది చిట్టి. గాలి హోరు, రొప్పు. "గేటుకి తాళం వేసుందమ్మా!"

"ఏ గేటు?"

"ఏ గేటేంటి, లైట్‌హౌస్ గేటు! సామాన్లన్నీ మోసుకుంటూ వచ్చాం. పావుగంట అన్నావు, నానమ్మతో ముప్పావుగంట పట్టింది. ఆదివారం మాత్రమే తీస్తారంట. కాపలా ఆయన్ని ఎంత బతిమాలినా తీయనన్నాడు. నాన్న గేటెక్కుతానన్నాడు. ఆ పొట్టతో!"

వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఆ కిటికీ కనపడుతోందని చెప్పవే. కింద నుంచి లెక్కపెడితే నలభై ఒకటో మెట్టు అక్కడికే వస్తుందని చెప్పు."

గుండీలమ్మ చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. అయితే తను వెళ్ళినా దొరికేది తాళమే. ఏడాది పాటు దాచుకున్న మూడు గంటలూ ఆ తాళం ముందు అయిపోయేవి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం వచ్చాయి.

"అమ్మా, ఆ తెల్ల గుండీ నేనే తీసుకొచ్చా. నువ్వు రావట్లేదుగా, నేను పెడదామని. చెబితే ఏడుస్తావని చెప్పలేదు. ఇప్పుడు లోపల పెట్టడానికి లేదుగా. గేటు ఊచకి దారంతో కట్టేశా. ఇంటూగానే కట్టా."

"నీకు రాదుగా ఇంటూ," అంది తల్లి.

"పదిహేనేళ్ళుగా చూస్తున్నా. రాకేం!"

*

ఐదింటికి తొంభై ఆరో కోటు హ్యాంగరెక్కింది. ఐదున్నరకి స్కేలు సారు వచ్చాడు. యజమాని, మాస్టరు ముందు గదిలో పెట్టెలు సర్దించే పనిలో ఉన్నారు. లోపల కాజాల అక్క, గుండీలమ్మ మాత్రమే. సారు ఒక్కో రెండో గుండీనే చూసుకుంటూ వచ్చాడు. చివరి కోటు మీదికి వంగినప్పుడు ఆయన టై పక్కకు జారింది. టై వెనక చొక్కా రెండో గుండీ కనపడింది. మిగతావి మిషను మీద వేసిన గీతలు. అదొక్కటి చేత్తో కుట్టింది. వదులుగా వేలాడుతోంది. ఇంటూ.

గుండీలమ్మ ముందు గుండీ చూసింది. తర్వాత మొహం చూసింది.

సారు చటుక్కున టై సర్దుకున్నాడు. ఎక్కడా దాక్కోవడానికి లేదు.

"ఆ తేడా మా మాస్టర్ కంటికి పడలేదు," అందావిడ నెమ్మదిగా. "యజమాని కంటికీ పడలేదు. మీకెలా పడిందా అని రెండు రోజులుగా అనుకుంటున్నాను సార్."

ఆయన వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఆఫీసులో ఒకసారి నా కప్పు మీద ఆ లంగరు బొమ్మ చూశారమ్మా. రెండేళ్ళపాటు కెప్టెన్ గారూ, కెప్టెన్ గారూ అని ఏడిపించారు. ఇక్కడ తొంభై ఆరు కోట్లకూ అదే కుట్టు కనపడేసరికి, ఎవరో కావాలని నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. ఊరుకుంటే నేనే చేయించానంటారని భయమేసింది. మీరని... నిజంగా మనవాళ్ళొకరు కుట్టారని నాకు తట్టనేలేదు."

"అది ఊడిపోయేలా ఉంది," అంది గుండీలమ్మ. "మెడ చుట్టలేదు మీరు. టై భుజం మీద వేసుకోండి."

ఆయన వేసుకున్నాడు. ఆవిడ తెల్ల దారం సూదికెక్కించి దగ్గరకొచ్చింది. గడ్డం పైకెత్తి, టై వీపు మీదికి వేసుకుని, బడిలో శిక్ష పడ్డవాడిలా ఆయన నిలబడ్డాడు. కాజాల అక్క నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది.

"కదలకండి. సూది గుచ్చుకుంటుంది." మొదటి పోగు లాగింది. "ఇవాళ నేను రేవు ఊళ్ళో ఉండాల్సింది. ఏడాదిగా అనుకుంటున్నాను. మీ భయం వల్ల ఇక్కడే ఉండిపోయాను. మీకు తెలియాలని చెబుతున్నాను, అంతే."

ఆయన మింగిన గుటక ఆవిడ వేళ్ళకు తెలిసింది. "క్షమించండమ్మా," అన్నాడు, గడ్డం దించకుండానే. "శనివారం తాళం వేసి ఉంటుంది. ఆదివారమే తీస్తారు. నేను నాలుగుసార్లు వెళ్ళాను. ఒక్కడినే."

"తాళం సంగతి తెలిసింది." ఆవిడ దారాన్ని నాలుగు చుట్లు చుట్టి, ముడి లోపలికి లాగి, కత్తిరించింది. ఇంటూ సూటిగా, గట్టిగా వచ్చింది. ఇంట్లోవాళ్ళవి కాక, తెలిసి తెలిసి ఆవిడ కుట్టిన మొదటి ఇంటూ అదే. "రేపు పొద్దున అటు రైలు ఎన్నింటికి?"

"ఆరూ ఇరవై. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. వంతెన దాటగానే కనపడుతుంది."

ఇంటికెళ్ళగానే నలుగురి కోసం సర్దిన తన సంచీలోంచి మూడు తువ్వాళ్ళు, అత్తగారి దిండు కవరు, ఎవరికో ఒకరికి అవసరపడతాయని పెట్టినవన్నీ తీసి మంచం మీద పెట్టింది. సంచీ తేలికైపోయింది. అప్పుడు భర్తకు ఫోన్ చేసి, తొంభై ఆరూ విప్పేశానని చెప్పింది.

"అయిపోయిందా? హమ్మయ్య," అన్నాడాయన. "రేపు పొద్దున బండికి నేరుగా ఇక్కడికి వచ్చేయ్. పదింటికి లారీ. పెట్టెలు సగం కూడా కట్టలేదు."

"రేపు కాదండీ. ఎల్లుండి వస్తాను."

"అదేంటి? తొంభై ఆరూ విప్పేశానన్నావు కదా?"

"విప్పాను. ఇంకొకటి మిగిలింది."

ఆయనకు అర్థమైందో లేదో, అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడైంది.

"కత్తెర మర్చిపోకమ్మా," అంది చిట్టి. "ముడి గట్టిగా వేశా."